బెండకాయల పక్కన గోంగూర

గురుగ్రామ్‌లో నేను పనిచేసే లాబ్‌లో తిండి పదార్థాల్లో పురుగుమందు ఎంత మిగిలిందో కొలుస్తాం. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను. అడిగినవాళ్ళు వెంటనే రెండో ప్రశ్న వేస్తారు: "అయితే ఇప్పుడు ఏం తినమంటారు?" తినమనో వద్దనో చెప్పడం మా పని కాదు. ఫలానా పదార్థంలో ఫలానా మందు ఇంత ఉంది, చట్టప్రకారం ఇంతవరకు ఉండొచ్చు, కాబట్టి పాస్ లేదా ఫెయిల్ అని రాసి ఇవ్వడం వరకే. ఇది విన్నాక చాలామంది నన్ను వదిలేసి మా ఆయనతో మాట్లాడడం మొదలుపెడతారు. ఆయనది సాఫ్ట్‌వేర్.

మా అపార్ట్‌మెంట్లో కింది ఫ్లోర్ ఆంటీ ఒకసారి ప్లాస్టిక్ కవర్లో రెండు బెండకాయలు తెచ్చి, "బేటా, ఇవి టెస్ట్ చేయించి పెట్టు" అంది. కనీసం కిలో కావాలని, ఒకేచోట కొన్నవి కావాలని, సీలు వేసి ఇవ్వాలని చెప్పాను. "రెండిట్లో తెలీదా?" అని అడిగింది. రెండిట్లో ఆ రెండిటి సంగతే తెలుస్తుందన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి వాటిని తీసుకెళ్ళి వండేసింది. మర్నాడు లిఫ్ట్‌లో కనబడి బాగానే ఉన్నాయని చెప్పింది.

గోంగూర అక్క నాకు పరిచయమైంది ఈ ఉద్యోగం వల్ల కాదు, గోంగూర వల్లే. ఢిల్లీలో గోంగూర దొరక్కపోదు. దక్షిణాది సరుకులమ్మే ఒకటి రెండు చోట్లకి వస్తుంది, కానీ రైల్లో ప్రయాణం చేసి వస్తుంది కాబట్టి మనకంటే అలసిపోయి ఉంటుంది. అలాంటి రోజుల్లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "పుంటికూర తాజాది. పొద్దున కోసింది. గురుగ్రామ్, ద్వారక, నోయిడా డెలివరీ."

కింద ఎవరో రాజమండ్రివైపు ఆయన "అంటే గోంగూరేనా అండీ?" అని అడిగాడు. "మీరు ఏమన్నా అనుకోండ్రి, పుల్లగనే ఉంటది" అని జవాబు వచ్చింది. నేను రెండు కట్టలు చెప్పాను.

ఆవిడ స్వయంగా తన చిన్న కారులో తెచ్చి ఇచ్చింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. వరంగల్ వైపు మనిషి. గురుగ్రామ్‌లోనే ఒక పెద్ద కంపెనీలో హెచ్ఆర్‌లో చాలా ఏళ్ళు చేసింది. కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడల్లా వాళ్ళతో మాట్లాడి ఇళ్ళకి పంపించే పని ఈవిడదేనట. చివరి విడతలో పంపించడానికి మిగిలింది తనే కాబట్టి తనే లేచి వచ్చేసిందని చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. తర్వాత ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు. యమున ఒడ్డున కౌలుకి కూరగాయలు పండించే ఒక రైతుని పట్టుకుని, వాళ్ళ ఊరి నుంచి తెప్పించిన విత్తనాలు ఇచ్చి, బెండతోట పక్కన నాలుగు మళ్ళు వేయించింది. ఆకు బాగా వచ్చింది. వారం వారం రెండు కట్టలు చొప్పున నేను కొంటూ వచ్చాను. తను నన్ను చెల్లె అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ మరుసటి వేసవిలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్ నుంచి ఆవిడకి కబురొచ్చింది. బుధవారాలు ఆంధ్రా భోజనం పెడదామనుకుంటున్నారు, గోంగూర పప్పు ఉండాలి, ఆకు మీరు ఇవ్వగలరా అని. అక్క ఇవ్వగలనంది. అయితే ఆకుకూరలు ఇచ్చేవాళ్ళందరూ పురుగుమందుల టెస్ట్ రిపోర్ట్ ఇవ్వాలని వాళ్ళ రూలు. అక్క నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, మీ లాబ్‌ల ఇయ్యొచ్చా?"

"ఎవరైనా ఇవ్వొచ్చక్కా. కానీ ఈ టెస్ట్ గురించి నేను మీతో ఏమీ మాట్లాడకూడదు."

"మాట్లాడకు. నేను మందు గొట్టియ్యలే. భయమేంది?"

మర్నాడు పొద్దున్నే మా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బెంగాలీ. మాటకి ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. లాబ్‌లో పనిచేసేవాళ్ళు ఎవరి పక్షానా ఉండకూడదు, క్లయింటుతో సంబంధముంటే ముందే చెప్పాలి అనేది మా నిబంధన. చెప్పాను.

"సర్, ఈ క్లయింటు దగ్గర నేను కూర కొంటాను."

"ఎంత కొంటావు?"

"వారానికి రెండు కట్టలు."

ఆయన కళ్ళద్దాలు తుడిచారు. "చుట్టరికమా?"

"కాదు సర్. అక్కా అని పిలుస్తాను."

"అక్కా అంటే దీదీ కదా?"

"తెలుగువాళ్ళం అందరినీ అలాగే పిలుస్తాం సర్."

ఆయన అదంతా కాగితం మీద పెట్టించారు. టెస్టు నా చేతిమీదుగా జరక్కూడదని, రోహ్‌తక్ నుంచి వచ్చే మా జూనియర్ అమ్మాయి చేయాలని, సంతకం ఆయనే పెడతారని నిర్ణయమైంది. శాంపిల్ ఎవరిదో చేసేవాళ్ళకి తెలియకుండా దాని మీద నంబరు మాత్రమే వేస్తాం. ఢిల్లీ చుట్టుపక్కల గోంగూర పండించి అమ్మే మనిషి మాకు తెలిసినంతలో ఒక్కరే. అయినా నంబరు వేశాం.

ఇబ్బంది మొదలైంది ఆ తర్వాతే. కంప్యూటర్లో పంట పేరు ఎంచుకుంటే తప్ప శాంపిల్ ముందుకి కదలదు. పాలకూర ఉంది, మెంతికూర ఉంది, ఆవాకు ఉంది. గోంగూర లేదు. అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "దీదీ, ఇదేమిటి?"

"గోంగూర."

"కవర్ మీద వేరేది రాసి ఉంది."

"పుంటికూర అని ఉంటుంది. అదే ఇది."

"హిందీలో?"

నాకు తెలియదు. మేనేజర్ గారు క్లయింటుకి ఫోన్ చేసి అడిగితే, రైతు దాన్ని ఖట్టా సాగ్ అంటాడని చెప్పింది. పుల్లకూర అని అర్థం. అలాంటి పేరూ కంప్యూటర్లో లేదు. చివరికి మేనేజర్ గారు పుస్తకాలు తిరగేసి శాస్త్రీయ నామం పట్టుకున్నారు. మందార కుటుంబం. బెండకాయకి దగ్గరి చుట్టం. ఆయనకి ఆ సంగతి బాగా నచ్చింది. "చూశావా, చెల్లెలివి నువ్వు కాదు, ఇది. బెండకాయకి చెల్లెలు" అన్నారు. ఆయన ఆ ఏడాదిలో వేసిన జోకు అదొక్కటే. 'ఇతర ఆకుకూరలు' అని నమోదు చేశాం.

తర్వాత కాడల గొడవ వచ్చింది. గోంగూరని మనం ఆకు తుంచి కాడ పారేస్తాం. కాడతో నూరితే నవ్వుతారు. కానీ ఈ పరీక్షలో పదార్థాన్ని అమ్మే రూపంలోనే తీసుకోవాలి. కడగకూడదు కూడా. వంటింట్లో ఏం చేస్తామన్నది చట్టానికి సంబంధం లేదు. కట్టగా అమ్ముతారు కాబట్టి లేత కాడలతో సహా వేయాలని మేనేజర్ గారు తేల్చారు. అమ్మాయి కట్టలన్నీ ముక్కలు కోసి, డ్రై ఐస్‌తో కలిపి మిక్సీలాంటి యంత్రంలో పొడి చేసింది. గది మొత్తం పుల్లటి వాసన. మధ్యాహ్నం కావస్తోంది. నేను తలుపు వేసుకుని వేరే ఎవరిదో జీలకర్ర రిపోర్ట్ చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నా డబ్బాలో పెరుగన్నం ఉంది.

రిపోర్ట్ వచ్చింది. ఫెయిల్.

ఒకే ఒక్క మందు దొరికింది. బెండ మీద తెల్లదోమకి కొట్టే మందు. దొరికింది ఎక్కువేం కాదు. అదే బెండకాయలో ఉండి ఉంటే ఎన్నో రెట్లు తక్కువని పాసయ్యేది. గోంగూరకి ఆ మందు విషయంలో ఏ పరిమితీ రాసిలేదు. పరిమితి రాసిలేనప్పుడు చట్టం ఒకటే మాట చెబుతుంది: కిలోకి పాయింట్ సున్నా ఒకటి మిల్లీగ్రాము దాటకూడదు. దాదాపు మా యంత్రం నమ్మకంగా లెక్కపెట్టగలిగే అంచు అది. అక్క ఆకులో దానికి మూడు రెట్లు ఉంది.

ముందు నాకు గుర్తొచ్చింది ఇంట్లో ఫ్రిజ్. మొన్న తెచ్చిన రెండు కట్టల్లో ఒకటి పచ్చడి అయింది, ఒకటి ఉంది. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ కట్ట బయటికి తీసి బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. క్లయింటు విషయాలు ఇంట్లో చెప్పకూడదు.

"ఏం లేదు. ఇవాళ దీన్ని వండాలా అని."

"వండు మరి."

వండాను. నాకు తెలిసిన లెక్క ప్రకారం ఆ మందుతో మనిషికి ఏమైనా కావాలంటే రోజూ గంపలకొద్దీ తినాలి. రిపోర్ట్ ప్రకారం మాత్రం అది అమ్మడానికి పనికిరాదు. రెండూ నిజమే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ రెండు నిజాలూ ఒకే కంచంలోకి రావడం అదే మొదలు. పప్పు బాగానే కుదిరింది. తిన్నంతసేపూ నేనేం మాట్లాడలేదు. ఉప్పు తక్కువైందా అని ఆయన అడిగాడు.

మర్నాటికి రిపోర్ట్ అక్కకి చేరింది. నాకు ఫోన్ చేస్తుందనుకున్నాను. చేయలేదు. బదులు గ్రూపులో మెసేజ్ పెట్టింది, రిపోర్ట్ ఫోటోతో సహా. "ఈ వారం పుంటికూర టెస్ట్‌ల ఫెయిల్ అయింది. వండనోళ్ళు వండకుండ్రి. తప్పు నాదే. ఎందుకైందో తెలిసెదాక అమ్మను."

ఆ గ్రూపులో మామూలుగా శుభోదయాలు, అద్దె ఇళ్ళ ప్రకటనలు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు ఫోను ఆగకుండా మోగింది. రాజమండ్రివైపు ఆయన "మేం నిన్ననే తినేశామండీ, అద్భుతంగా ఉంది" అని రాశాడు. ఇంకొకావిడ, ఈ ఢిల్లీ గాలి పీలుస్తూ గోంగూర గురించి బాధపడ్డం ఏమిటని అడిగింది. ముఖర్జీ నగర్‌లో గదిలో ఉండి సివిల్స్‌కి చదువుకుంటున్న ఒకాయన ఆ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ సెక్షన్ కింద ఏముంది అన్నది వరసగా పోస్టు చేశాడు. చివర్లో, ఉప్పునీళ్ళలో కడిగితే సరిపోతుందా అని తనే అడిగాడు. ఎవరికీ తెలియలేదు. తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే, కానీ చెప్పకూడదు.

అందరికంటే నాకు గుర్తుండిపోయింది అక్క పెట్టిన ఆ మెసేజే. మా లాబ్ నుంచి ఫెయిల్ రిపోర్ట్‌లు ఎన్నో వెళ్ళాయి. వాటిని తీసుకున్నవాళ్ళు ఇంకో లాబ్‌కి వెళతారు, లేకపోతే ఇంకో శాంపిల్ తెస్తారు. కొన్నవాళ్ళకి తనంతట తాను ఫోటో పంపిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

రెండు రోజుల తర్వాత అక్క లాబ్‌కే వచ్చింది. రిసెప్షన్‌లో కూర్చుంది. క్లయింటు అడిగితే రిపోర్ట్ వివరించి చెప్పాలి, అది అనుమతించిన పనే. మేనేజర్ గారు నన్ను కూడా కూర్చోబెట్టారు, అనువాదానికి. అక్కకి ఇంగ్లీషు ఆయనకంటే బాగా వచ్చు. కానీ ఆ రోజు ఆవిడ తెలుగులోనే మాట్లాడింది, నాతోనే.

"చెల్లె, బెండకాయల ఉంటే పాసయ్యేది, పుంటికూరల ఉంటే ఎట్ల ఫెయిలైతది? మందు అదే, కడుపు అదే గదా."

"బెండకాయకి పరిమితి రాశారక్కా. గోంగూరకి రాయలేదు."

"ఎందుకు రాయలే?"

"పరిమితి రాయాలంటే ముందు ఎవరో పొలంలో ఆ పంట మీద ఆ మందు పద్ధతి ప్రకారం కొట్టి, ఇన్ని రోజులు ఆగి కోసి, ఎంత మిగిలిందో కొలవాలి. అలా చాలా చోట్ల చేయాలి. అది మందు కంపెనీ చేయిస్తుంది. బెండకాయ దేశమంతా పండిస్తారు కాబట్టి చేయిస్తారు. గోంగూర మీద మందు అమ్ముకుందామని ఏ కంపెనీ అనుకోలేదు."

"అంటే మన కూర ఈ దేశంల లేనట్టేనా?"

"కూర ఉంది. దానికి మందు లేదు."

అక్క మేనేజర్ గారి వైపు చూసింది. ఆయనకి మేం ఏం మాట్లాడుకుంటున్నామో అర్థం కాలేదు, కానీ గోంగూర బెండకాయకి చుట్టమన్న సంగతి చెప్పాల్సిన సందర్భం ఇదేననిపించి ఇంగ్లీషులో చెప్పారు. అక్క శ్రద్ధగా విన్నది. "చుట్టమైతే ఆస్తిల వాటా ఉండాలె గదా సార్" అంది, ఈసారి ఇంగ్లీషులోనే. ఆయన కళ్ళద్దాలు తీశారు.

తర్వాత అక్క గొంతు తగ్గించింది. "నేను కొట్టియ్యలే. రైతు కొట్టిండా? ఆయన అబద్ధమాడితే నేను పట్టుకుంట. ఇరవై ఏళ్ళు మనుషుల మొఖాలు చూసే పని జేసిన. నువ్వు నాతో పొలానికి రా, మందు సంగతి నాకు తెల్వది."

నేను మేనేజర్ గారి అనుమతి అడిగాను. సెలవు రోజున, కూర కొనుక్కునే మనిషిగా వెళ్ళొచ్చని, లాబ్ తరఫున వెళ్ళకూడదని, అక్కణ్ణుంచి ఏదీ శాంపిల్‌గా తేకూడదని చెప్పారు. వెళ్ళేటప్పుడు మాత్రం, గాలి ఎటు వీస్తోందో చూడమన్నారు.

ఆదివారం పొద్దున అక్క కారులో వెళ్ళాం. మెట్రో వంతెన దాటాక ఎడమకి దిగితే ఢిల్లీ అయిపోతుంది. పైన రైళ్ళు పోతుంటాయి, కింద దోస, సొర, బెండ. దూరంగా నోయిడా మేడలు కనబడుతుంటాయి. రైతు యూపీలోని బదాయూఁ నుంచి వచ్చినవాడు. నలభై ఏళ్ళుంటాయి. భార్యతో కలిసి అక్కడే గుడిసెలో ఉంటాడు. నది పొంగితే రోడ్డు మీదికి వస్తారు, తగ్గాక మళ్ళీ వెళతారు. అప్పటికే అక్క ఫోన్లో సంగతంతా చెప్పింది కాబట్టి ఆయన మొహం బిగించుకుని నిలబడ్డాడు.

"మేడమ్‌జీ, ఆ సాగ్ మీద నేను మందు చల్లలేదు. ఎందుకు చల్లుతాను? దాన్ని పురుగు ముట్టదు. మేక కూడా ఆలోచించి తింటుంది" అన్నాడు హిందీలో. భార్య, కొంగు పళ్ళ మధ్య బిగించుకుని, అవునన్నట్టు తల ఊపింది.

అక్క ఆయన మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత నాతో తెలుగులో, "నిజమే చెప్తుండు" అంది.

నేను మళ్ళ వైపు వెళ్ళాను. గోంగూర నడుము ఎత్తు పెరిగింది. కాడలు ఎర్రగా ఉన్నాయి. దానికి ఆనుకునే, మధ్య ఒక గట్టు కూడా లేకుండా, బెండ వరసలు. బెండాకులు తిప్పి చూస్తే అడుగున తెల్లదోమ ఉంది. గాలి బెండ మీదుగా గోంగూర వైపు వస్తోంది. నా చున్నీ కూడా అటే ఎగురుతోంది. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

"భయ్యా, బెండకి మందు ఎప్పుడు కొట్టావు?"

"గురువారం గురువారం."

"ఈ సాగ్ ఎప్పుడు కోస్తావు?"

"శుక్రవారం పొద్దున. మేడమ్‌జీ అప్పుడే వస్తారు."

అక్క కళ్ళు మూసుకుంది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మందు బెండ మీదే కొట్టాడు, గాలి కొంత తెచ్చి పక్కన పెట్టింది, మర్నాడు అక్క దాన్ని కోసి పట్టుకొచ్చింది. ఆయనకిది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఆయన అడిగాడు, "గాలిలో వచ్చినదానికి కూడా నాదే పూచీనా?"

"పూచీ కాదు భయ్యా. ఆకులో ఉంటే ఉన్నట్టే. ఎలా వచ్చిందని యంత్రం అడగదు."

"అయితే ఆ నీళ్ళని ఎవరు టెస్ట్ చేస్తారు?" అని చేత్తో యమున వైపు చూపించాడు. నది ఆ రోజు నల్లగా, కదలకుండా ఉంది. ఒడ్డున తెల్లటి నురగ.

"దానికి వేరేవాళ్ళున్నారు. టెస్ట్ చేస్తూనే ఉంటారు."

"పాసవుతుందా?"

"లేదు."

"మరి దాన్ని ఎవరూ ఆపలేదే?"

ఆయన భార్య కొంగు వదిలేసి మొదటిసారి మాట్లాడింది. "నదిని ఎవరు ఆపుతారు? సాగ్‌నైతే ఆపొచ్చు" అంది. వెటకారంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. తర్వాత అందరికీ టీ పెట్టింది.

టీ తాగుతూ పరిష్కారం కూడా మాట్లాడుకున్నాం. ఆ మళ్ళు తీసేయాలి. గోంగూరని అవతలి చివర, సొరపాదుల వెనక, గాలికి ఎదురు దిక్కున వేయాలి. మధ్యలో రెండు వరసలు జొన్న దట్టంగా పెంచాలి. బెండకి మందు కొట్టాల్సి వస్తే గాలి ఆగాక కొట్టాలి, పంపు గొట్టం మూతి మొక్కకి దగ్గరగా పెట్టి కొట్టాలి, కొట్టిన వారం సాగ్ కోయకూడదు. రైతు అన్నిటికీ ఠీక్ హై, ఠీక్ హై అన్నాడు. జొన్న మాట దగ్గర మాత్రం ఆగి, జొన్న ఎవరు తింటారని అడిగాడు. అక్క తను తింటానంది. వాళ్ళ ఇంట్లో రాత్రిళ్ళు జొన్న రొట్టెలే.

అప్పటికి పెరిగిన గోంగూరని ఏం చేయాలన్నది మిగిలింది. అమ్మడానికి లేదు. అక్క అంతా పీకించేసింది. పీకిన మొక్కలు గట్టు మీద కుప్పగా పడి ఉంటే చూసి, ఆవిడ కారెక్కింది. టోల్ దగ్గర ఆగినప్పుడు, "ఉద్యోగం పోయినప్పుడు గూడ ఇట్ల అనిపియ్యలే చెల్లె. అది ఎవరో ఇచ్చిన ఉద్యోగం. ఇది నేను విత్తనం పెట్టింది" అంది. నేను చెయ్యి చాచి ఆవిడ చేతి మీద పెట్టాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

కొత్త మళ్ళు ఎదిగేదాకా అక్క ఊరికే కూర్చోలేదు. పరిమితులు నిర్ణయించే సంస్థకి ఒక అర్జీ పెట్టింది. మామూలు మనుషులు కూడా సూచనలు పంపొచ్చని సివిల్స్ ఆయన గ్రూపులో రాస్తే ఆయన్నే కూర్చోబెట్టి రాయించింది. గోంగూర, పుంటికూర ఒకటేనని, కోట్లమంది తింటారని, బెండకాయకి చుట్టమని, కాబట్టి దీని మీద కూడా పరీక్షలు జరిపి ఏదో ఒక అంకె రాయమని సారాంశం. పేరు గోంగూర అని ముందు రాయాలా పుంటికూర అని రాయాలా అన్న దగ్గర వాళ్ళిద్దరికీ మాట తేడా వచ్చిందని విన్నాను. ఆయనది విజయనగరం. చివరికి శాస్త్రీయ నామం ముందు పెట్టారు. జవాబు వచ్చింది. మీ సూచన అందింది, నిపుణుల ముందు ఉంచుతాం అని. అక్క దానికే సంతోషించింది. "మా హెచ్ఆర్‌ల అయితే ఇట్ల రాస్తే లేదని అర్థం. సర్కారుల మంచిదే అయి ఉండొచ్చు" అంది.

రెండో శాంపిల్ వర్షాలు తగ్గాక వచ్చింది. ఈసారి నేను ఆ గది వైపే వెళ్ళలేదు. రోహ్‌తక్ అమ్మాయి దాన్ని చూడగానే "దీదీ, గోంగూరా!" అని నంబరున్నా సరే గట్టిగా అరిచింది. మేనేజర్ గారు వినలేదన్నట్టు కూర్చున్నారు. రిపోర్ట్ పాస్. ఏ మందూ లెక్కకి అందలేదు.

అక్క ఫోన్ చేసింది. "చెల్లె, మందు లేని పుంటికూర అని బోర్డు రాయిస్త."

"అలా రాయకూడదక్కా."

"ఎందుకు? లేదనే గదా రిపోర్ట్?"

"లేదని కాదు. మా యంత్రం లెక్కపెట్టగలిగినంత లేదని. అది కూడా మీరిచ్చిన ఆ కట్టల్లోనే."

"మీ ఉద్యోగంల సంతోషమనేది అస్సలుండదా?"

"ఉంటుందక్కా. ఇప్పుడు ఉంది."

నిజంగానే ఉంది. పాస్ రిపోర్ట్‌లు రోజూ చూస్తాను. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం టీకి బయటికి వెళ్ళి, పార్కింగ్‌లో ఎవరూ లేని చోట నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. విషయం చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. ఊరికే చేశానన్నాను. ఆయన కంగారుపడి వంట్లో బాగుందా అని అడిగాడు.

క్యాంటీన్ వాళ్ళు ఆకు తీసుకోవడం మొదలుపెట్టారు. మొదటి బుధవారం పప్పు గిన్నె ముందు 'సోర్ లీఫ్ దాల్' అని చీటీ పెట్టారని, ఉత్తరాదివాళ్ళు ఒకసారి రుచి చూసి మళ్ళీ వచ్చారని అక్క చెప్పింది. రెండు నెలలయ్యాక బుధవారం కేరళ భోజనానికి మార్చేశారు. అక్క పెద్దగా బాధపడలేదు. అప్పటికి గ్రూపులోనే అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫెయిలైన సంగతి తనే చెప్పిన మనిషని ఢిల్లీ తెలుగువాళ్ళలో పేరు వచ్చింది. రైతు ఇంకో రెండు మళ్ళు పెంచాడు. జొన్నలు అక్కే కొనుక్కుంది.

మొన్న డెలివరీకి వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనానికి ఆగింది. వేడన్నంలో మా అమ్మ పంపిన కారప్పొడి, నెయ్యి వేసుకుని మొదటి ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, "ఇది మీ గుంటూరుదేనా?" అని అడిగింది.

"మిరపకాయలు మా మేనమామ తోటలోవి. అమ్మ దంచి పంపిస్తుంది."

"మిరపకు మస్తు కొడ్తరంట గదా మందులు?"

"కొడతారు."

"టెస్ట్ జేసినవా ఎన్నడన్న?"

"లేదక్కా."

"ఎందుకు? లాబ్ నీదే, యంత్రం నీదే."

"శాంపిల్ సరిపోదు" అన్నాను. "రెండు కిలోలు కావాలి. అమ్మ కిలోనే పంపిస్తుంది."

అక్క నా మొహం వైపు కాసేపు చూసింది. తర్వాత డబ్బా తన వైపు లాక్కుని ఇంకో చెంచా వేసుకుంది.